రాకెట్ జంప్ ఎలా పుట్టింది? దానికి మ్యాపులు ఎవరు కట్టారు?

పోయిన ఎపిసోడ్‌లో స్పీడ్‌రన్నింగ్ గురించి మాట్లాడుకున్నాం కదా, అందులో "రాకెట్ జంప్" అనే మాట చాలాసార్లు వచ్చింది. అదేంటో విడిగా చెప్పమని మీలో కొందరు అడిగారు. ఒక ఎపిసోడ్‌కి సరిపడా విషయం ఉంది దాంట్లో, అందుకే ఈరోజు మొత్తం దాని గురించే. దాంతోపాటు మ్యాపులు కట్టేవాళ్ళ గురించి కూడా. ఈ రెండూ వేరువేరు విషయాల్లాగా కనిపిస్తాయిగానీ, నా లెక్కలో రెండూ ఒకటే కథ.

ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం ముందు ఒక్క మాట. ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే తెర మీద మన చేతులు, చేతిలో తుపాకీ మాత్రమే కనిపించే ఆట. అందులో రాకెట్ లాంచర్ ఉంటుంది. దాన్ని ఎదుటివాడి మీద కాకుండా మన కాళ్ళ కిందే నేల మీద పేలుస్తాం. పేలుడు మనల్ని పైకి విసురుతుంది. మామూలుగా ఎక్కలేని చోటికి ఎక్కేస్తాం. కొంత ప్రాణం పోతుంది, కానీ చావం. మొదటిసారి చూసినవాళ్ళకి కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టు ఉంటుంది. కాదు, చాలా లెక్కగా చేసే పని అది. ఆ లెక్క ఇప్పుడు చూద్దాం.

1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు డూమ్ విడుదల చేశారు. అందులో పైకి కిందికి చూడటం లేదు, ఎగరడమూ లేదు. కాబట్టి కాళ్ళ కింద పేల్చడం కుదరదు. కానీ పక్కన గోడకి రాకెట్ కొడితే, ఆ పేలుడు మనల్ని అడ్డంగా తోస్తుంది. మూడో ఎపిసోడ్ ఆరో లెవెల్, మౌంట్ ఎరెబస్ అని ఉంటుంది. దాంట్లో రహస్య ద్వారానికి ఈ తోపుతో చేరే దారి ఉంది. (తోపు అంటే ఇప్పటి కుర్రాళ్ళకి వేరే అర్థం ఉంది గానీ, నేను చెప్పేది నెట్టడం గురించి.)

అసలు సంగతి 1996 జూన్‌లో వచ్చిన క్వేక్‌తో మొదలైంది. ఇది నిజమైన త్రీడీ. మౌస్‌తో నేరుగా కిందికి చూడొచ్చు, ఎగరొచ్చు. ఆట నియమాలు రాసిన కోడ్‌ని కూడా ఐడీ వాళ్ళు జనానికి ఇచ్చేశారు. కాబట్టి నేను ఊహించి చెప్పక్కర్లేదు, చదివి చెప్పొచ్చు.

రాకెట్ పేలితే చుట్టుపక్కల వాళ్ళకి గరిష్ఠంగా 120 పాయింట్ల దెబ్బ. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, రెండు యూనిట్లకి ఒక పాయింటు చొప్పున. కాల్చినవాడికే తగిలితే దాన్ని సగం చేస్తారు. ఆ వచ్చిన అంకెని 8తో గుణిస్తే ఎంత వస్తుందో, అంత వేగం మన ఒంటికి కలుపుతారు. ఏ దిక్కుకి? పేలిన చోటు నుంచి మన వైపుకి గీత గీస్తే, ఆ దిక్కుకి. అంతే. ఇక్కడ "రాకెట్‌తో పైకి ఎగరొచ్చు" అనే నియమం లేదు. దెబ్బ తగిలిన ప్రతివాడినీ దెబ్బకి తగ్గట్టు నెట్టు అన్న ఒకే నియమం ఉంది. కొట్టినవాడే తగిలించుకున్నవాడైనా సరే, దానికి మినహాయింపు లేదు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. మనిషి నడుము భాగం నేలకి 28 యూనిట్ల ఎత్తులో ఉంటుంది. అంటే 14 పాయింట్లు తగ్గి 106. సగం చేస్తే 53. దాన్ని 8తో గుణిస్తే 424. దీనికి ముందే మనం జంప్ నొక్కాం, దాని వేగం 270. రెండూ కలిపి 694. ఆ లోకంలో గురుత్వం 800. ఇంటర్‌లో ఎంసెట్ కోసం బట్టీపట్టిన వీ స్క్వేర్ బై టూ జీ గుర్తుందా? వెయ్యండి. మామూలు జంప్‌కి 45 యూనిట్లు వస్తుంది. రాకెట్ జంప్‌కి దాదాపు 300. క్వేక్‌లో మనిషి ఎత్తు 56 యూనిట్లు. అంటే తన నిలువెత్తు కూడా ఎగరలేనివాడు ఒక్కసారిగా ఐదు నిలువుల ఎత్తుకి వెళ్తున్నాడు. ఇది కాగితం మీద వచ్చే గరిష్ఠం. ఆటలో ఎగిరిన క్షణానికీ పేలిన క్షణానికీ మధ్య కాస్త ఆలస్యమైతే ఎత్తు తగ్గిపోతుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించుకోవడమే సాధన.

ఇక్కడ నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. ఎర్ర కవచం వేసుకుంటే దెబ్బలో 80 శాతం అది మింగేస్తుంది. అంటే 53లో ప్రాణానికి తగిలేది 10 మాత్రమే. మరి తోపు కూడా తగ్గాలి కదా? తగ్గదు! ఎందుకంటే కోడ్‌లో తోపు లెక్కకి కవచం మింగకముందు ఉన్న 53నే తీసుకుంటారు. కాబట్టి కవచం ఉన్నవాడు దాదాపు ఉచితంగా ఎగురుతాడు. క్వాడ్ డ్యామేజ్ అనే శక్తి ఉంటే దెబ్బ నాలుగింతలు, 212. కవచం లేకుండా అది చేస్తే మనమే చస్తాం. 200 పాయింట్ల నిండు ఎర్ర కవచం ఉంటే 42 పోయి బతుకుతాం, లెవెల్ కప్పుకి తల తగిలేంత ఎత్తుకి వెళ్తాం. ఇక ఏ దెబ్బా తగలనివ్వని పెంటగ్రామ్ దొరికితే, ప్రాణం పైసా కూడా పోదు, తోపు మాత్రం పూర్తిగా వస్తుంది. కోడ్‌లో ముందు నెట్టేసి, ఆ తరువాత "వీడికి దెబ్బ తగలకూడదు కదా" అని చూసుకుంటారన్నమాట. రెండు వాక్యాల వరుస అటూఇటూ అయ్యుంటే ఇదంతా లేదు.

ఆడేవాళ్ళు ఇదంతా కోడ్ చదివి కాదు, చేతులతో కనిపెట్టారు. 1997 జూన్‌లో కొంతమంది కలిసి "క్వేక్ డన్ క్విక్" అని విడుదల చేశారు. మొత్తం ఆటని అత్యంత కఠినమైన నైట్‌మేర్ స్థాయిలో 19 నిమిషాల 49 సెకన్లలో పూర్తి చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 16 నిమిషాల 35 సెకన్లు. 2000లో 12 నిమిషాల 23 సెకన్లు. ఒక్కో లెవెల్‌ని బాగా ఆడినవాళ్ళు ఆడి, ఆ డెమో ఫైళ్ళని వరుసగా కుట్టారు. డెమో అంటే వీడియో కాదు, ఆటలో ఏం జరిగిందో రాసిపెట్టుకున్న చిన్న ఫైల్. ఇంకొకరి కంప్యూటర్‌లో వేస్తే ఆట మళ్ళీ ఆడినట్టు నడుస్తుంది. నెమ్మదైన మోడెమ్‌ల కాలంలో ఇది చేతులు మారిందంటే కారణం అదే.

సరే, ఇప్పుడు కంపెనీ ముందు ఒక ప్రశ్న నిలబడింది. జనం ఇలా ఆడుతున్నారు. ఆపాలా, వదలాలా? దీనికి జవాబు 1999 చివర్లో వచ్చిన క్వేక్ 3 కోడ్‌లో ఉంది. 2005లో దాన్ని బయటపెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. అందులో రెండు చోట్ల ప్రోగ్రామర్లు తమలో తాము మాట్లాడుకున్నట్టు రాసుకున్న చిన్న నోట్స్ ఉన్నాయి. మొదటిది దెబ్బ లెక్క దగ్గర. మనకి మనమే కొట్టుకుంటే దెబ్బ సగమే, కానీ ఈ సగం చేయడం తోపు లెక్క అయ్యాకే చేస్తున్నాం, రాకెట్ జంప్ పనిచేయాలి కాబట్టి, అని అర్థం వచ్చేలా రాశారు. చూశారా, మూడేళ్ళలో ఎంత తేడా! పాత క్వేక్‌లో సగం చేసిన అంకెతోనే నెట్టేవాళ్ళు. ఇప్పుడు రాకెట్ జంప్ పేరు పెట్టి మరీ దానికి చోటిచ్చారు.

రెండోది పరుగు దగ్గర. స్ట్రేఫ్ జంప్ అని ఇంకో విద్య ఉంది. ఎగురుతూ, పక్క బాణం నొక్కుతూ, మౌస్ తిప్పుతూ ఉంటే మామూలు పరుగు వేగాన్ని దాటిపోతాం. ఎందుకంటే వేగపరిమితిని మనం వెళ్ళాలనుకున్న దిక్కులో మాత్రమే కొలుస్తున్నారు. దిక్కు కాస్త పక్కకి పెడితే కొలత తక్కువ చూపిస్తుంది, ఇంకొంచెం వేగం ఇచ్చేస్తుంది. దీన్ని సరిచేసే పద్ధతి కూడా అదే ఫైల్‌లో రాసి ఉంది. కానీ వాడకుండా పక్కన పెట్టారు. ఇదే సరైన పద్ధతి, కానీ ఆడుతుంటే బాగోలేదు, అని నోట్. క్యాంపింగ్ గ్రౌండ్స్ అనే మ్యాప్‌లో వంతెన మీంచి రైల్‌గన్ ఉన్న గట్టు మీదకి దూకడం ఇప్పటికీ కొత్తవాళ్ళకి పరీక్షలాంటిది. ఆ దూకుడు ఉందంటే "బాగోలేదు" అన్న ఆ ఒక్క మాట వల్లే.

కథలో ఇంతవరకు ప్రోగ్రామర్లు ఉన్నారు, ఆడేవాళ్ళు ఉన్నారు. మూడోవాళ్ళు మ్యాపులు కట్టేవాళ్ళు. నా దృష్టిలో వీళ్ళకి రావాల్సినంత పేరు రాలేదు.

డూమ్‌కి ముందు వుల్ఫెన్‌స్టైన్ అనే ఆటని జనం విప్పి, బొమ్మలు మార్చి ఆడుకోవడం జాన్ కార్మాక్ చూశాడు. చాలామంది యజమానులకి కోపం వస్తుంది, ఈయనకి సంబరమేసింది. డూమ్‌లో ఇంజిన్ వేరు, మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ ఉన్న వాడ్ ఫైల్ వేరు అని విడదీసి పెట్టాడు. ఐడీ సొంత ఎడిటర్ నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటర్లలో నడిచేది, అది మామూలు జనానికి అందదు. అయినా 1994 మొదట్లోనే అభిమానులు పీసీల కోసం సొంత ఎడిటర్ రాసేసుకున్నారు. క్వేక్ వచ్చాక బెన్ మోరిస్ అనే అతను వరల్డ్‌క్రాఫ్ట్ అని ఎడిటర్ చేశాడు. దాన్ని వాల్వ్ కంపెనీ కొనుక్కుని, తరువాత హ్యామర్ అని పేరు మార్చింది. ఇంకోవైపు ఆస్ట్రేలియాలో ముగ్గురు కుర్రాళ్ళు క్వేక్ మీద టీమ్ ఫోర్ట్రెస్ కట్టారు. వాళ్ళలో రాబిన్ వాకర్, జాన్ కుక్‌లని వాల్వ్ పిలిచి ఉద్యోగమిచ్చింది. 2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2లో సోల్జర్ పాత్ర మొత్తం రాకెట్ జంప్ మీదే నిలబడింది. 2009లో ఆ దెబ్బని 60 శాతం తగ్గించే బూట్లు కూడా ఇచ్చారు. ఒకప్పటి వింత పనికి ప్రత్యేకంగా చెప్పులు కుట్టించారన్నమాట.

మన దగ్గరికి ఇదంతా కౌంటర్ స్ట్రైక్ రూపంలో వచ్చింది. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో, అమీర్‌పేట నెట్ కేఫ్‌ల్లో లాన్ కేబుల్ లాక్కుని ఆడినవాళ్ళు ఇది చూస్తుంటారు, నాకు తెలుసు. అందులో రాకెట్ లేదు, కానీ ఎఫ్‌వై ఐస్‌వరల్డ్ ఉంది. చుట్టూ మంచు గోడలు, నేల మీద పరిచిన తుపాకులు, రౌండ్ అర నిమిషంలో అయిపోయే చిన్న మ్యాప్. అది ఎవరు కట్టారని అడిగితే మా హాస్టల్ మొత్తంలో ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. డస్ట్ సంగతి మాత్రం తెలుసు. డేవిడ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండ్ కుర్రాడు, ఇంకా రాని టీమ్ ఫోర్ట్రెస్ 2 స్క్రీన్‌షాట్లు చూసి, ఆ ఇసుక రంగు మీద మనసుపడి కట్టాడు. 1999లో డస్ట్, 2001లో డస్ట్ 2.

మన దగ్గర మ్యాప్ ఎలా తిరిగేదో గుర్తుచేసుకోండి. సర్వర్‌లో చేరితే, మన దగ్గర లేని మ్యాప్ దానంతట అదే వచ్చి ఫోల్డర్‌లో పడేది. తరువాత ఆ సర్వర్ ఉన్నా పోయినా ఫైల్ మనదే. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క కాలేజీకి వెళ్ళేది. బొమ్మల వాడ్ ఫైల్ మర్చిపోతే మ్యాప్ తెరుచుకోదు, మళ్ళీ బస్సెక్కాలి, అది వేరే సంగతి. మా జూనియర్ ఒకడు, ప్రకాశం జిల్లా వాడు, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలంటే చెమటలు పట్టేవి వాడికి. హ్యామర్‌లో మా హాస్టల్ వరండా, మెస్, నీళ్ళ ట్యాంకు కట్టేశాడు. ట్యూటోరియల్స్‌లో ఇంగ్లీషు కంటే స్క్రీన్‌షాట్లు చూసి నేర్చుకున్నాడు. ఒక నెలపాటు హాస్టల్ మొత్తం హాస్టల్లోనే కాల్చుకుంది. క్లాసులో వాడెవడో తెలియని లెక్చరర్లు ఉన్నారు, ఆ వింగ్‌లో మాత్రం వాడు తెలియనివాడు లేడు.

రాకెట్ జంప్ కోసమే కట్టే మ్యాపులకి వద్దాం. క్వేక్ 3లో డీఫ్రాగ్ అనే మాడ్ ఉంది, టీమ్ ఫోర్ట్రెస్ 2లో జంప్ మ్యాపులు ఉన్నాయి. వీటిలో శత్రువు ఉండడు. గది, ఎదురుగా ఒక గట్టు, మధ్యలో అగాధం. కింద పడితే చావవు, ఆ దశ మొదటికి టెలిపోర్ట్ చేసి పడేస్తుంది. మందుగుండు అయిపోదు. మొదట ఒక రాకెట్, తరువాత గాలిలో కూర్చుని ఇంకా ఎత్తు సంపాదించడం, తరువాత దిగకముందే కిందకి ఇంకోటి కొట్టి మళ్ళీ లేవడం, దాన్ని పోగో అంటారు. తరువాత గోడకి కొడుతూ పాక్కుంటూ పోవడం. ఇలాంటివి నేను చాలా ఆడాను, ఒక అభిప్రాయం ఏర్పడింది. చెడ్డ జంప్ మ్యాప్ వెంట్రుకవాసి తేడాతో మనల్ని పడేసి, అదే కష్టం అనుకుంటుంది. మంచిది మాట్లాడకుండా నేర్పుతుంది. ఎక్కడ దిగాలో అక్కడ దీపం పెడతారు, ఎక్కడ కొట్టాలో అక్కడ నేల రంగు మారుస్తారు. నాలుగో దశలో కావలసిన విద్యని రెండో దశలో మనకి తెలియకుండానే చేయించేస్తారు. కట్టేవాడు తాను ఎంత బాగా ఎగరగలడో చూపించుకోవడం మానేస్తేనే ఇది వస్తుంది.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఆడే షూటర్లలో కూడా మ్యాపులు కట్టుకునే ఏర్పాట్లు వచ్చాయి, కాదనను. కానీ కట్టింది ఎక్కడ ఉంటుంది? వాళ్ళ సర్వర్‌లో. ఫైల్ మన చేతికి రాదు. లిటిల్‌బిగ్‌ప్లానెట్ అని ఒక ఆట ఉంది, షూటర్ కాదు, కానీ జనం కట్టిన లెవెళ్ళ మీదే బతికింది. 2024లో మూడో భాగం సర్వర్లు శాశ్వతంగా మూసేశారు. ఏళ్ళతరబడి పిల్లలు కట్టి పంచుకున్న లెవెళ్ళకి దారి మూసుకుపోయింది. 1994లో ఎవరో కుర్రాడు ఇంట్లో కూర్చుని కట్టిన డూమ్ వాడ్‌ని మాత్రం నేను నిన్న రాత్రి కూడా ఆడాను. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆట పాతబడటం సహజం. పిల్లాడు కట్టుకున్న ఇల్లు వాడి చేతికి ఇవ్వకపోవడం సహజం కాదు. మా జూనియర్ మ్యాప్ ఇప్పటికీ నా హార్డ్‌డిస్క్‌లో ఉందంటే, ఫైల్ రూపంలో ఉంది కాబట్టే.

కాబట్టి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఈ వారం ఇది చేసి చూడండి. ట్రెంచ్‌బ్రూమ్ అనే క్వేక్ ఎడిటర్ ఉచితం. క్వేక్ ఇంజిన్ కోడ్ 1999 నుంచీ ఉచితమే. ఆట బొమ్మలకి మాత్రం కొనాలి, అది వద్దనుకుంటే లిబ్రేక్వేక్ అని జనం చేసిన ఉచిత బొమ్మలున్నాయి. ఒక పెద్ద గది కట్టండి, కప్పు 500 యూనిట్లైనా ఉండాలి. ఆరు వైపులా ఎక్కడా సందు ఉండకూడదు. కుండకి చిల్లున్నట్టు ఒక్క సందున్నా లీక్ అంటుంది. దిగులు పడకండి, చిల్లు వరకూ గీత గీసి మరీ చూపిస్తుంది. ఆటగాడు మొదలయ్యే చోటు, రెండు దీపాలు, ఒక రాకెట్ లాంచర్, నాలుగు పెట్టెల రాకెట్లు పెట్టండి. కంపైల్‌లో మూడు పనులు జరుగుతాయి. ఒకటి గదిని ముక్కలు చేస్తుంది, ఒకటి ఎక్కడి నుంచి ఏది కనిపిస్తుందో లెక్కేస్తుంది, ఒకటి వెలుగు నీడలు వేస్తుంది. అప్పట్లో రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయ్యే పని, ఇప్పుడు చిన్న గదికి టీ కలిపేలోపు అయిపోతుంది.

గదిలో మూడు ఎత్తులు కట్టండి. 40 యూనిట్ల అరుగు, 200 యూనిట్ల అటక, 350 యూనిట్ల మిద్దె. అరుగు మామూలు జంప్‌తో ఎక్కుతారు. అటకకి ఒక రాకెట్ కావాలి, నేరుగా కిందికి కాకుండా కాస్త వెనక్కి కొట్టండి, అప్పుడే ముందుకు వెళ్తారు. మిద్దె నేల మీద ఒక్క రాకెట్‌తో అందదు, లెక్క ఇందాకే వేశాం. కానీ ఒకటి గమనించండి. లాంచర్ మళ్ళీ సిద్ధమవడానికి 0.8 సెకను పడుతుంది. మంచి రాకెట్ జంప్ శిఖరానికి చేరడానికి పట్టేది దాదాపు 0.87 సెకను. అంటే మీరు గాలిలో ఆగినట్టయ్యే క్షణానికి చేతిలో ఇంకో రాకెట్ ఉంటుంది, పక్కన గోడ ఉంటుంది. ప్రాణం ఎంత మిగిలిందో మాత్రం చూసుకోండి. 53 రెండుసార్లు అంటే 106, మీ దగ్గరున్నది 100. అందుకే అటక మీద ఒక ఎర్ర కవచం పెట్టుకోండి.

మిద్దె ఎక్కినవాళ్ళు ఆ డెమో ఫైల్ దాచిపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో డెమో ఫైళ్ళు లోపల ఎలా ఉంటాయో విప్పి చూద్దాం. నమస్తే.